కిరణము శరీరమును తాకినప్పుడు

మన డయోసిసు శతాబ్ది సంచికకు సంఘముల చరిత్ర, మిషనెరీల చరిత్ర, బడుల చరిత్ర, ఆసుపత్రుల చరిత్ర వ్రాయగల పెద్దలు చాలామంది ఉన్నారు. వేదాంత కళాశాలలో చదివిన నాకు భౌతికశాస్త్రముతో పరిచయము అంతంత మాత్రమే. అయినను ఎక్స్-కిరణముల చరిత్రను ఎన్నుకొనుటకు ఒక కారణమున్నది. అది నా పొరపాటునకు సంబంధించినది గనుక ముందుగానే చెప్పుకొందును.

ఆర్డినేషను పొందిన క్రొత్తలో నేనొక పల్లె పాస్టరేటులో ఉంటిని. మా సంఘములోని ఒక పెద్దమ్మకు గొంతులో కేన్సరు వచ్చినది. పట్టణములో ఆరు వారములు ఉండి “కరెంటు పెట్టించుకొని” ఇంటికి వచ్చినది. మన పల్లెలలో ఈ చికిత్సకు అదే పేరు. అప్పటికి ఆమె కోడలికి మూడు నెలల బిడ్డ. కోడలు నా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, అత్తమ్మ ఒంట్లో ఆ కరెంటు ఇంకా ఉంటుందంట గదా, పిల్లవాణ్ణి ఎత్తుకోనియ్యొచ్చా?” అని అడిగినది. నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, “దేనికైనా మంచిది, కొన్నాళ్లు దూరంగా ఉంచండమ్మా” అంటిని. పాస్టరు గారి మాట గనుక దానికి ఎదురు లేకపోయినది. పెద్దమ్మ మంచము వసారాలోనికి వచ్చినది, ఆమె కంచము వేరైనది.

నేను చెప్పినది తప్పు. ఎందుకు తప్పో తెలియవలెనంటే, ఆ కిరణము శరీరములో ప్రవేశించి ఏమి చేయునో తెలియవలెను. అది తెలిసికొనుటకు లోకమునకే సుమారు యాభై సంవత్సరములు పట్టినది.

జర్మనీ దేశములోని వూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడైన విల్‌హెల్మ్ రాంట్‌జెన్ 1895 నవంబరు 8వ తేదీన ఈ కిరణములను మొదట గమనించెను. అవి ఏవో తెలియక వాటికి ఎక్స్ అని పేరు పెట్టెను. కాగితము, కొయ్య, అల్యూమినియము రేకు వీటి గుండా అవి దూసుకొని పోవుటయు, సీసము వాటిని ఆపుటయు చూచెను. డిసెంబరు 22న తన భార్య చేతిని పటము తీయగా ఎముకలు, వ్రేలి ఉంగరము నల్లగా కనబడినవి. ఈ కనుగొన్నదానికి ఆయన పేటెంటు తీసికొనలేదు. 1901లో మొదటి నోబెల్ బహుమానముగా వచ్చిన సొమ్మును తన విశ్వవిద్యాలయమునకే ఇచ్చివేసెను.

ఎముక ఎందుకు కనబడినది? ఎక్స్-కిరణము పరమాణువులోని ఎలక్ట్రానును ఢీకొని, తన శక్తినంతటిని దానికిచ్చి తాను లేకుండ పోవును. ఆ ఎలక్ట్రాను పరమాణువును విడిచి బయటికి దూకును. పరమాణువు ఎంత బరువైనదైతే ఈ విధముగా మ్రింగుట అంత ఎక్కువ. ఎముకలోని కాల్షియము, మాంసములోని కార్బను, ఆక్సిజనుల కంటె బరువైనది గనుక ఎక్కువ కిరణములను మ్రింగివేయును. కాంతి ఎలక్ట్రానులను ఇట్లు వెలికొట్టు విధమును 1905లో ఐన్‌స్టీన్ వివరించెను. అప్పటికి ఎక్స్-కిరణములు ఆసుపత్రులలో వాడుకలోనికి వచ్చి పది సంవత్సరములు కావచ్చినది. అనగా వాడుక ముందు వచ్చినది, అర్థము తరువాత వచ్చినది.

మధ్యకాలములో జరిగిన నష్టము తక్కువది కాదు. అమెరికాలో ఎడిసన్‌కు సహాయకుడైన క్లారెన్స్ డాలీ తన చేతులను పదే పదే కిరణములకు చూపి పరీక్షలు చేసి, పుండ్లు పడి, చేతులు తీసివేయించుకొని 1904లో మరణించెను. ఎడిసన్ ఆ పనినే మానుకొనెను. హెన్రీ బెకెరెల్ కోటు జేబులో రేడియము గొట్టము పెట్టుకొని తిరిగి చర్మము కాల్చుకొనెను. ఇట్లు ప్రాణములు పోగొట్టుకొనిన వైద్యులకు, నర్సులకు, శాస్త్రజ్ఞులకు జర్మనీలోని హాంబర్గులో 1936లో ఒక స్మారక స్తంభము నిలిపినారు. దానిపై మొదటనే నూట యాభైకి పైగా పేర్లు చెక్కినారు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. నేను చదివినవాటిలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరచినది ఇదే. ఒక మనిషి శరీరమంతటికి ఒక్కసారిగా నాలుగు గ్రేల మోతాదు తగిలితే, వైద్యము లేనప్పుడు, అట్టివారిలో సుమారు సగముమంది బ్రతుకరు. కాని ఆ కిరణముల వలన శరీరపు వేడి పెరుగునది డిగ్రీలో వెయ్యవ వంతు మాత్రమే. ఒక గుక్క వేడి కాఫీ త్రాగినా అంతకంటె ఎక్కువ వేడి లోపలికి పోవును. అంత కొద్ది శక్తి ఇంత పని ఎట్లు చేయును? ఆ శక్తి వేడివలె ఒళ్లంతా సమముగా పరచుకొనదు. కిరణము వెలికొట్టిన ఎలక్ట్రాను తన దారిలో ఇతర ఎలక్ట్రానులను తట్టుచు పరుగెత్తును. మన శరీరములో అధికభాగము నీరు. ఆ నీటి అణువులు విరిగి, చురుకైన ముక్కలై, జీవకణముల నడుమ ఉండు డి.ఎన్.ఎ. దారమును కొరుకును. కొన్నిచోట్ల ఎలక్ట్రానే నేరుగా దానిని తెంపును. రెండు పేటలును ఒకేచోట తెగినచో కణము మరల విభజింపబడలేక పోవచ్చును. ఎలక్ట్రానుల పరుగునే కరెంటు అందురు గనుక మన పల్లెవారి మాట బొత్తిగా తప్పు కాదేమో! కాని ఆ పరుగు కన్ను మూసి తెరచునంత సేపు కూడ ఉండదు.

ఫ్రాన్సులో బెర్గోనియే, ట్రిబోండో అను ఇద్దరు 1906లో, త్వరత్వరగా విభజింపబడు కణములకే ఈ దెబ్బ ఎక్కువ అని చెప్పినారు. కేన్సరు కణములు అట్టివే. ఆరోగ్యమైన కణము దెబ్బ తిన్నను, వ్యవధి ఇచ్చినచో చాలవరకు బాగుచేసికొనును. చికిత్సను ఒక్కనాడే ముగింపక, వారమునకు అయిదు దినముల చొప్పున ఆరేడు వారములు జరుపుటలోని మర్మమిదే. ఈ పద్ధతిని పారిస్‌లో రెగో, కూటార్ అను వైద్యులు నిలబెట్టినారు. “డబ్బు కొరకే ఇన్నాళ్లు త్రిప్పుచున్నారు” అనుకొని మధ్యలో మానివేసినవారిని నేనెరుగుదును. మానవద్దు.

ఇక ఆర్థర్ కాంప్టన్ సంగతి. ఈయన అమెరికాలోని ఊస్టర్‌లో ప్రెస్బిటేరియను బోధకుని ఇంట 1892లో పుట్టెను. తాను కూడ దైవసేవకు పోవలెనని తలంచగా, శాస్త్రములో చేయు పని కూడ సేవయే కావచ్చునని తండ్రి సలహా ఇచ్చెనని చెప్పుదురు. అక్క మేరీ మన దేశములోనే మిషనెరీ. ఆయన 1926లో లాహోరు వచ్చి పంజాబు విశ్వవిద్యాలయములో పనిచేసెను. అంతకు ముందే, 1923లో, గ్రాఫైటుపై ఎక్స్-కిరణములను పంపి, అవి చెదరిపోవునప్పుడు కొంత శక్తిని పోగొట్టుకొనుచున్నవని చూపియుండెను. గోలీ గోలీకి తగిలినట్లు కిరణము ఎలక్ట్రానుకు తగిలి, దానికి కొంత ఇచ్చి, మిగిలినదానితో పక్కకు తిరిగి పోవును. దీనికి 1927లో నోబెల్ బహుమానము లభించెను.

ఇది రోగికి ఏమి మేలు? శక్తి ఎక్కువైన కిరణములు మాంసములో ప్రధానముగా ఈ కాంప్టన్ పద్ధతినే అనుసరించును. ఈ పద్ధతిలో పరమాణువు బరువుతో పని లేదు, ఎలక్ట్రానులు ఎన్ని ఉన్నవన్నదే లెక్క. గ్రాము ఎముకలోను, గ్రాము మాంసములోను అవి ఇంచుమించు సమానము. కనుక ఎముక ఎక్కువ వాటా దొంగిలించదు. పాత డీప్ ఎక్స్-రే యంత్రములలో ఎముక ఎక్కువ మ్రింగెడిది, అన్నిటికంటె పెద్ద దెబ్బ చర్మమునకే తగిలెడిది. లోపలి గడ్డకు చాలినంత అందకముందే పైచర్మము మాడిపోయెడిది.

దీనికి మందు కోబాల్టు-60. దాని కిరణముల శక్తి 1.17, 1.33 మిలియను ఎలక్ట్రాను వోల్టులు. అవి వెలికొట్టు ఎలక్ట్రానులు ముందుకే దూకును గనుక, పూర్తి మోతాదు చర్మము మీద కాక అర సెంటీమీటరు లోపల పడును. కెనడాలో ఈ పని చేసినవారిలో హెరాల్డ్ జాన్స్ ముఖ్యుడు. ఈయన కూడ మిషనెరీల బిడ్డయే, 1915లో చైనాలోని చెంగ్డూలో పుట్టినవాడు. కెనడాలోనే ఉన్న లండన్ అను పట్టణములో 1951 అక్టోబరు 27న కోబాల్టుతో మొదటి రోగికి చికిత్స జరిగినది. సాస్కటూన్‌లో జాన్స్ బృందము తొందరపడలేదు. సిల్వియా ఫెడొరుక్ అను విద్యార్థినియు, మిగిలినవారును కిరణము ఎంత లోతునకు ఎంత అందుచున్నదో ముందుగా కొలిచినారు. అప్పుడే నవంబరు 8న మొదటి రోగిని పరుండబెట్టినారు. రాంట్‌జెన్ కిరణమును చూచిన తేదీయే అది! యాభై ఆరు సంవత్సరముల తరువాత వచ్చినది. ఆ స్త్రీ బాగుపడి దశాబ్దములు జీవించెను. మొదటివాడెవరన్న పోటీ కంటె కొలతకు నిలిచిన ఆ ఓర్పే నాకు గొప్పగా తోచును.

ఆ కొలతకు పేరిచ్చినవాడు ఇంగ్లండులోని మౌంట్ వెర్నన్ ఆసుపత్రిలో భౌతికశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన లూయీ హెరాల్డ్ గ్రే. కిలోగ్రాము శరీరములో ఒక జౌలు శక్తి నిలిచినచో అది ఒక గ్రే. ఈ పేరు 1975లో స్థిరపడినది.

మన ప్రాంతములవారు ఈ చికిత్సకై వెల్లూరు మిషను ఆసుపత్రికి, 1954లో మద్రాసు అడయారులో వెలసిన కేన్సరు సంస్థకు, 1955లో హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరున ఏర్పడిన ఆసుపత్రికి తరతరములుగా పోవుచున్నారు. నేడు అనేకచోట్ల కోబాల్టు బదులు లీనియర్ యాక్సిలరేటరులు వచ్చినవి. వాటిలో మీట ఆపిన వెంటనే కిరణము ఉండదు.

కొన్ని సంవత్సరముల తరువాత మరియొక సంఘస్థుని తోడుగా అట్టి గదివరకు పోయితిని. చికిత్స జరుగుచున్నంతసేపు మమ్మును లోనికి రానియ్యలేదు. ఎర్రదీపము ఆరగానే టెక్నీషియను తలుపు తెరచి తిన్నగా లోనికి పోయి, రోగి భుజము క్రింద చేయి వేసి లేవనెత్తెను. ఇప్పుడు తాకవచ్చునా అని అడిగితిని. దీపము ఆరితే గోడ మీద వెలుగు మిగులునా, అట్లే ఇదియు అని ఆయన చెప్పెను. శరీరము లోపల రేడియము వంటి మూలమును ఉంచినప్పుడును, అయోడిను మందు త్రాగించినప్పుడును సంగతి వేరు. అప్పుడు డాక్టరు చెప్పిన దినములు పాటింపవలెను. బయటినుండి పెట్టినదానికి ఆ నియమము లేదు.

ఆ వారమే ఆ పల్లెకు పోయితిని. పిల్లవాడు అప్పటికి బడికి పోవుచున్నాడు. పెద్దమ్మ వసారాలోనే కూర్చుని బియ్యము ఏరుచున్నది. నాకు తెలియక అట్లు చెప్పితినని, తప్పు నాదేనని ఆమెకును కోడలికిని చెప్పితిని. ఆమె చేట పక్కన పెట్టి, “అప్పుడే చెప్పి ఉంటే బాగుండును గదా అయ్యగారూ, వాడు నా దగ్గర పడుకోడు ఇప్పటికీ” అన్నది.