సుంకరి

సంస్కృతంలోని ‘శుల్కం’ ప్రాకృతంలో ‘సుంక’ అయి, తెలుగులో సుంకంగా స్థిరపడింది. దాన్ని వసూలు చేసేవాడు సుంకరి. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం, ఓడ పగిలిన వర్తకుల సరుకు లాక్కోబోమని, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని హామీ ఇచ్చింది. అలాంటి హామీ ఇవ్వాల్సి వచ్చిందంటే అంతకుముందు వసూళ్లు ఎలా సాగేవో ఊహించవచ్చు.

ఇప్పుడు సుంకం మిగిలింది గానీ, వాడుకలో సుంకరి లేడు. అమలాపురం, రాజోలు, కొత్తపేట చర్చిల్లో మాత్రం అతని పేరు వినిపిస్తూనే ఉంటుంది. 1836లో వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు రాజోలు సీమకు ఎదురుగా, వశిష్ఠ గోదావరి ఆవలి ఒడ్డునున్న నరసాపురం నుంచి గోదావరి డెల్టాలో సువార్త చెప్పారు.

చర్చిలో వినిపించే సుంకరి లూకా సువార్త 18వ అధ్యాయంలోని వాడు. దేవాలయంలో ధర్మశాస్త్ర నిష్ఠాపరుడైన పరిసయ్యుడు తన ఉపవాసాలూ, ఇచ్చిన దశమభాగాలూ ఏకరువు పెట్టాడు. సుంకరి దూరంగా నిలబడి, తలెత్తకుండా, రొమ్ము కొట్టుకుంటూ కరుణించమన్నాడు. రోమా పాలకుల కోసం సొంత జనాన్నే పిండినవాడు. చెప్పుకోవడానికి అతనికి పుణ్యమేమీ లేదు. జీవితమంతా బాకీలు వసూలు చేసినవాడు తన బాకీ మాఫీ చేయమని అడిగాడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది అతడే.

‘ఆ పరిసయ్యుడిలా నేను లేను, స్తోత్రం’ అనుకుంటూ సుంకరి ప్రార్థన చేసేవారు మాత్రం పరిసయ్యుడి పక్కన నిలబడ్డవారే.