పదో తరగతి చివరి పది రోజులు: వల్లె వేయడానికీ ఒప్పజెప్పడానికీ తేడా ఎక్కడుంది?

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. మీ ఫోన్ నిండా ఇప్పటికే పీడీఎఫ్‌లు వచ్చి పడుంటాయి. "ఇవి చదివితే పాస్ గ్యారంటీ", "ఒక్క రాత్రిలో సోషల్", "ఈ పది ప్రశ్నలు పక్కా"... ఇలాంటివి. మనది హిస్టరీ ఛానల్ కాబట్టి నేను ఇంకో లిస్టు ఇవ్వను. చివరి రోజుల్లో ఎలా చదవాలి అన్న ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉంది. అందులో ఈ పది రోజుల్లో మీకు నిజంగా పనికొచ్చే విషయం ఒకటుంది. ఈ ఎపిసోడ్‌లో దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. వల్లె వేయడం, ఒప్పజెప్పడం. మన తాతముత్తాతలకి ఇవి రెండు వేరువేరు పనులు. వల్లె వేయడం అంటే పుస్తకం ముందు పెట్టుకునో, ఒకరు చెబుతుంటే వెనకాలే అంటూనో పదిసార్లు పలకడం. ఒప్పజెప్పడం అంటే పుస్తకం మూసేసి, పంతులుగారి ముందు నిలబడి, బుర్రలో ఉన్నది తీసి అప్పగించడం. మధ్యలో ఆగిపోతే ఎక్కడ ఆగావో నీకూ తెలుస్తుంది, ఆయనకీ తెలుస్తుంది. మనం మొదటిది ఉంచుకుని రెండోది వదిలేశాం. చివరి నిమిషం చదువు బెడిసికొట్టేది ఎక్కువగా ఇక్కడే అని నా అభిప్రాయం.

ఇది నేను ఊరికే అనడం లేదు. 200 ఏళ్ల కిందటి ఒక రిపోర్టు చూద్దాం. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో, ఊళ్లలో ఎన్ని బడులున్నాయో లెక్క తీయమని కలెక్టర్లని అడిగాడు. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. అప్పటి బళ్లారి జిల్లాలో ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా ఉండేది. ఈ క్యాంప్‌బెల్ తెలుగు నేర్చుకున్నవాడు. 1816లోనే తెలుగు వ్యాకరణం మీద ఇంగ్లిషులో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. ఆడపిల్లలు ఎంతమందో తెలుసా? మొత్తం జిల్లాకి 60 మంది. ఇప్పుడు ఏటా పది రిజల్ట్స్‌లో పాస్ శాతంలో అమ్మాయిలే ముందుంటున్నారు కదా, ఆ 60 అంకె ఒకసారి గుర్తు చేసుకోండి.

ఆ బడి ఎలా నడిచేదో కూడా రాశాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా, అంటే మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోతుంది. లేటుగా వచ్చినవాడి పరిస్థితి మీరే ఊహించుకోండి. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. అసలు విషయం ఆ తర్వాత వస్తుంది. కాస్త ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకి చెప్పాలి. అలా చెప్పడం వల్ల చెప్పేవాడి చదువు కూడా గట్టిపడుతుంది, ఇంగ్లండ్‌లో ఈ పద్ధతిని కాపీ కొట్టడం న్యాయమే అని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండ్ మన దగ్గర కాపీ కొట్టిందా అంటే, అవును. మద్రాసు ఎగ్మూరులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ ఈ ఇసుక రాతనీ, పిల్లలే పిల్లలకి చెప్పే పద్ధతినీ తీసుకెళ్లి 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. అక్కడ దాని పేరే మద్రాస్ సిస్టమ్.

అలాగని వీధిబడిని ఆకాశానికెత్తేయొద్దు. పిల్లలు పద్యాలు గడగడా చదివేస్తారు కానీ వాటి అర్థం వాళ్లకి తెలియదు, ఒక్కోసారి పంతులుకి కూడా తెలియదు అని అదే రిపోర్టులో క్యాంప్‌బెల్ బాధపడ్డాడు. అర్థం కాకుండా ఒప్పజెప్పడం కూడా చిలక పలుకే. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

తర్వాత 1857లో మద్రాసు యూనివర్సిటీ వచ్చింది, దాంతోపాటు మెట్రిక్యులేషన్ పరీక్ష వచ్చింది. ఇప్పటి పదో తరగతి పరీక్షకి ముత్తాత అనుకోండి. ఇక్కడ పెద్ద మార్పు జరిగింది. అంతకుముందు రోజూ ఒప్పజెప్పేది తెలిసిన పంతులికి. ఇప్పుడు ఏడాదికి ఒకసారి, మొహం తెలియని మనిషికి, కాగితం మీద ఒప్పజెప్పాలి. అందరికీ ఒకే పేపరు, అది కూడా అచ్చులో. పాస్ అయితే ఉద్యోగానికి దారి దొరుకుతుంది. మరి పాత పేపర్లు తిరగేసి ఏ ప్రశ్న మళ్లీ వస్తుందో లెక్కలు వేసేవాళ్లు పుట్టుకురాకుండా ఉంటారా? పాఠాలకి కీలు, నోట్సులు వచ్చేశాయి. మన గైడ్లు, టెస్ట్ పేపర్లు, బిట్ బ్యాంకులు అన్నీ ఆ వంశంలో పుట్టినవే. 1902లో లార్డ్ కర్జన్ వేసిన యూనివర్సిటీల కమిషన్, చదువు పరీక్షకి బానిస అయిపోయిందని గట్టిగానే రాసింది. స్వతంత్రం వచ్చాక 1952-53లో మొదలియార్ కమిషన్ కూడా దాదాపు ఆ మాటే అంది. అంటే "ఇంపార్టెంట్ క్వశ్చన్స్" మీద పెద్దవాళ్ల కోపానికి కూడా వందేళ్లు దాటాయి.

అయితే గైడు చేతిలో ఉండటమే తప్పా? ఇక్కడ మీకందరికీ తెలిసిన మనిషిని తీసుకొస్తాను. శ్రీనివాస రామానుజన్. 1903లో కుంభకోణంలో ఆయన చేతికి జి.ఎస్. కార్ అనే ఆయన రాసిన లెక్కల పుస్తకం ఒకటి వచ్చింది. ఈ కార్ ఎవరు? కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ పరీక్షకి కుర్రాళ్లని ప్రిపేర్ చేసే ప్రైవేట్ ట్యూటర్. ఆ పుస్తకం కూడా ఆ ట్యూషన్ కోసం తయారు చేసుకున్న నోట్సులోంచి పుట్టిందే. వేల ఫార్ములాలు వరసగా ఉంటాయి, ప్రూఫ్‌లు చాలావరకు ఒకటి రెండు ముక్కల్లోనే ముగిసిపోతాయి. మన భాషలో చెప్పాలంటే పరీక్ష గైడు. మామూలు కుర్రాడైతే బట్టీ పట్టేవాడు. రామానుజన్ ఒక్కో ఫార్ములా చూసి, దాన్ని తనే పలక మీద నిరూపించుకుంటూ పోయాడు. పుస్తకం ఇచ్చింది ప్రశ్న మాత్రమే, జవాబు తన బుర్రలోంచి తీసుకున్నాడు.

ఈ కథలో రెండో సగం చాలామంది చెప్పరు. లెక్కల్లో పడి మిగతా సబ్జెక్టులు వదిలేయడంతో కుంభకోణం కాలేజీలో ఆయన స్కాలర్‌షిప్ పోయింది. తర్వాత మద్రాసులో ఎఫ్.ఏ. పరీక్ష కూడా తప్పాడు. కాబట్టి ఇష్టమైన సబ్జెక్టే పది రోజులూ పట్టుకుని కూర్చునేవాళ్లకి ఒక మాట. ప్రతి సబ్జెక్టులో పాస్ మార్కులు రావాలి, మ్యాథ్స్‌లో వచ్చిన 98 తీసుకెళ్లి హిందీలో కలపరు. మనం రామానుజన్‌లం కూడా కాదు, హార్డీ మన కోసం ఉత్తరం రాయడు.

సరే, ఒప్పజెప్పడం పనిచేస్తుందని లెక్కతో చూపించింది ఎవరు? 1885లో జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థం లేని అక్షరాల ముక్కలు కంఠతా పట్టి, ఎంత కాలానికి ఎంత పోతోందో తన మీద తనే ప్రయోగం చేసుకున్నాడు. మరుసటి రోజుకే చాలా భాగం జారిపోయేది. కానీ ఆయన ఇంకోటి కొలిచాడు. మర్చిపోయినదాన్ని మళ్లీ నేర్చుకోవడానికి మొదటిసారి కంటే ఎంత తక్కువ టైమ్ పట్టింది అని. ఒక రోజు తర్వాత కూడా మూడో వంతు శ్రమ ఆదా అయింది. అంటే మీకు పూర్తిగా పోయింది అనిపించే పాఠం నిజానికి పూర్తిగా పోలేదు. జూలైలో విన్న పాఠం ఇప్పుడు తెరిస్తే భయమేస్తుంది కదా, ఆ భయంతో "ఇది వదిలేద్దాం" అనుకోకండి. ఇంకో అంకె కూడా ఉంది. ఒకే రోజు 68 సార్లు చదివి పట్టింది, మూడు రోజులకి పంచుకుంటే 38 సార్లతోనే వచ్చింది. పది రోజులుంటే ఒక్కో సబ్జెక్టుకి మూడు విడతలు సులువుగా దొరుకుతాయి. ఒక్క రాత్రే మిగిలితే దొరకవు.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు ఇంకా సూటిగా తేల్చారు. విద్యార్థులకి ఒక పాఠం ఇచ్చారు. కొందరు రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం లేకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లే గెలిచారు, 81 శాతం, రాసినవాళ్లకి 75. రెండు రోజుల తర్వాత చూస్తే లెక్క తిరగబడింది. చదివినవాళ్లకి 54, రాసినవాళ్లకి 68. వారం తర్వాత 42, 56. చివరి నిమిషంలో మనల్ని మోసం చేసేది ఆ మొదటి ఐదు నిమిషాలే. పేజీ రెండుసార్లు తిరగేయగానే "వచ్చేసింది" అనిపిస్తుంది. మళ్లీ మళ్లీ చదివినవాళ్లకే తమకి బాగా వచ్చిందన్న నమ్మకం ఎక్కువగా ఉందని కూడా వాళ్ల ప్రయోగంలో తేలింది.

మరి ఈ పది రోజులు ఏం చేయాలి? గైడు ఉంటే ఉంచండి, తిప్పి వాడండి. బిట్ బ్యాంక్‌లో జవాబుల వైపు స్కేలు అడ్డం పెట్టి, ముందు మీరు చెప్పి తర్వాత చూడండి. బయాలజీలో గుండె బొమ్మ, నెఫ్రాన్ బొమ్మ పదిసార్లు చూడటం కంటే పుస్తకం మూసి రఫ్‌గా ఒకసారి గీసి, ఏ పేరు మర్చిపోయారో చూసుకోవడం మేలు. సోషల్ మ్యాప్ కూడా అంతే, ఖాళీ మ్యాప్ తీసుకుని పెట్టండి. మ్యాథ్స్‌లో సాల్వ్ చేసిన లెక్క చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటుంది. స్టెప్పులు మూసేసి మొదలుపెట్టండి, మూడో లైన్‌లో ఆగిపోతారు. ఆ ఆగిన చోటే మీ చదువు, మిగతా దాని మీద టైమ్ పెట్టక్కర్లేదు. తెలుగులో పద్యం ఒప్పజెప్పాక భావం కూడా మీ మాటల్లో చెప్పండి. ఇందాక మళ్లీ వస్తానన్నది ఇక్కడికే. భావం చెప్పలేకపోతే క్యాంప్‌బెల్ చూసిన పిల్లల లెక్కలోకే మనమూ వస్తాం.

ఇంట్లో చెల్లెలో తమ్ముడో ఉంటే కూర్చోబెట్టి పాఠం చెప్పండి. వాళ్లకి అర్థం కాకపోయినా పర్లేదు, పని జరిగేది మీ బుర్రలో. ఎవరూ లేరా? అమ్మ వంట చేస్తుంటే పక్కన నిలబడి చెప్పండి. "అదేంటి, మళ్లీ చెప్పు" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, పాఠంలో ఎక్కడ కన్నం ఉందో బయటపడుతుంది.

నిద్ర సంగతి కూడా తేల్చేద్దాం. 1924లో అమెరికాలో జెంకిన్స్, డాలెన్‌బాక్ ఇద్దరంటే ఇద్దరే విద్యార్థులతో ప్రయోగం చేశారు. కంఠతా పట్టాక నిద్రపోతే గుర్తున్నంత, మెలకువగా ఉంటే గుర్తులేదు. ఇద్దరి మీదే చేసింది కదా అంటారేమో, ఆ తర్వాత దాని మీద చాలా పరిశోధనలు జరిగాయి, దారి మాత్రం మారలేదు. కాబట్టి పరీక్ష ముందురోజు నైట్ అవుట్ చేసేవాడు చదివింది తనే పారబోసుకుంటున్నాడు. రాత్రి పడుకునే ముందు రేపటి సబ్జెక్టులో మీకు తరచూ జారిపోయే పది విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి. ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకోండి. పొద్దున లేచి, ఆ కాగితం చూడకుండా ఆ పదీ మళ్లీ రాయండి. రానివి రెండో మూడో ఉంటాయి. సెంటర్‌కి వెళ్లేదాకా అవి చూసుకుంటే చాలు.

ఈ ఎపిసోడ్ చూస్తున్న పదో తరగతి వాళ్లకి ఆల్ ది బెస్ట్. హాల్ టికెట్ ఇప్పుడే బ్యాగ్‌లో పెట్టేసుకోండి.