సముద్రపు జెల్ల చరిత్ర

తుంగభద్రలో దొరకు మీసముల జెల్లలను ఆదోని, ఎమ్మిగనూరు, ఉరుకుంద ప్రాంతముల విద్యార్థులు చూచియే యుందురు. ఆ నదీ జెల్లలకు సముద్రమున పెద్ద బంధువులు కలవు. వానిలో నొకటి మీటరుకు మించి పెరుగు నెట్యూమా థలాసినా. నదిలోని చిన్న జెల్లకు నాలుగు జతల మీసములుండగా దీనికి మూడు జతలే యుండును. దీని వీపుమీదను, రొమ్ముకు ఇరుప్రక్కలను రంపపు పండ్ల వంటి అంచుగల ముండ్లు ఉన్నవి.

తెలుగు తీరపు చేపలను శాస్త్రరీతిగా వర్ణించిన తొలి గ్రంథము పాట్రిక్ రసెల్ రచన. రక్తపింజరికి ఆంగ్లమున ఈయన పేరే నిలిచినది. వైద్యుడైన రసెల్‌ను ఈస్టిండియా కంపెనీ 1785లో ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించెను. విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపల చిత్రములను, వర్ణనలను ఆయన 1803లో లండనులో ప్రకటించెను. అందు చేపలకు లాటిను పేర్లకు బదులు జాలరులు పలికిన పేర్లనే శీర్షికలుగా నుంచెను. వానిలో ‘నల్ల జెల్ల’ యొకటి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వాలెన్సియెన్ 1840లో దానికి ‘నెల్లా’ యని పేరిడెను. ఆ విధముగా మన ‘నల్ల’ శాస్త్రనామములలో చేరినది.

పెద్ద జెల్లకు పేరిచ్చినది జర్మను శాస్త్రజ్ఞుడు రూపెల్. ఎర్రసముద్రమున దొరకిన చేపను చూచి 1837లో ‘బాగ్రస్ థలాసినస్’ అనెను. థలాసా యనగా గ్రీకు భాషలో సముద్రము. తరువాత అది ఏరియస్, టాకిసూరస్ ప్రజాతులలోనికి మారి, నేడు నెట్యూమా ప్రజాతియందున్నది. శాస్త్రనామము ఇన్నిమార్లు మారినను తీరమున అది జెల్లయే.

ఈ కుటుంబపు చేపల సంతాన పోషణ విచిత్రమైనది. బొచ్చె చేప లక్షలకొలది గ్రుడ్లు పెట్టి విడిచిపోవును. సముద్రపు జెల్ల పెట్టు గ్రుడ్లు కొద్ది. కాని ఒక్కొక్కటి గోళీకాయంత యుండును. మగచేప వానిని నోట నిడుకొని, పిల్లలు ఈదగలుగువరకు ఆహారము మాని కాపాడును.

అందుచేత ఒక మగచేప వలలో పడినచో దాని సంతానమంతయు నశించును. 1970 తరువాత కర్ణాటక తీరమున సంచివలె మూసుకొను పెద్ద వలలు వ్యాపించి, గ్రుడ్లు మోయు జెల్లల గుంపులను గూడ పట్టివేసినవి. కొలది యేండ్లలోనే అచట జెల్లల రాబడి క్షీణించినది. గ్రుడ్లు తక్కువగా పెట్టు జాతి అట్టి నష్టమునుండి త్వరగా కోలుకొనజాలదు. కావున గ్రుడ్లు మోయు కాలమున ఆ గుంపులపై వల వేయకుండుటయే జెల్లలను నిలుపు మార్గము.