నది అడుగును తోడే ఓడలు

1890 ప్రాంతంలో లివర్‌పూల్‌ వచ్చే పెద్ద ఓడలకు అట్లాంటిక్‌ దాటడం ఒక ఎత్తు, చివరి కొద్ది మైళ్లు దాటడం ఇంకో ఎత్తు. మెర్సీ నది సముద్రంలో కలిసే తోవలో అడ్డంగా ఇసుక మేట ఉండేది. సముద్రం బాగా వెనక్కి తీసినప్పుడు దానిమీద నీటిలోతు 11 అడుగులే. పోటు వచ్చేదాకా ఓడలు గంటల తరబడి బయటే కాచుకునేవి.

పూడిక తీసే ఆవిరి యంత్రాలు అప్పటికే ఉన్నాయి. గొలుసుకు బిగించిన ఇనుప బాల్చీలు అడుగు మట్టిని తోడి, పక్కనున్న పడవల్లో పోసేవి. రేవు లోపలైతే సరే. అలలు లేచే ముఖద్వారంలో బాల్చీలు నేలకు కొట్టుకునేవి, పక్క పడవలు నిలిచేవి కావు. పైగా లంగరు వేసుకుని దారికి అడ్డంగా కూర్చునే యంత్రం అది.

అమెరికాలో 1855లోనే ఇంకో దారి దొరికింది. చార్లెస్టన్‌ రేవులో ‘జనరల్‌ మౌల్ట్రీ’ అనే ఓడ పంపుతో ఇసుకనూ నీళ్లనూ కలిపి పీల్చి తన కడుపులోనే నింపుకుంది. మెర్సీ ఇంజనీర్లు 1890లో రెండు మట్టిపడవలకు పంపులు బిగించి చూశారు. ఫలితం కనిపించగానే 1893లో ‘బ్రాంకర్‌’ వచ్చింది. ముప్పావు గంటలో 3,000 టన్నుల ఇసుక ఎత్తేది. 1909 నాటి ‘లెవయథాన్‌’ సామర్థ్యం 10,000 టన్నులు. ఈ ఓడల పుణ్యమా అని మేటమీద లోతు రెట్టింపు దాటింది.

ఈ చరిత్రలో ఆసక్తికరమైన సంగతి మరొకటుంది. దారి సరిగా మలిస్తే నదే తన అడుగును కోసుకుని లోతు చేసుకుంటుందని చాలామంది ఇంజనీర్లు గట్టిగా నమ్మారు. రాటర్‌డామ్‌కు సముద్రంనుంచి సూటిగా తవ్విన ‘న్యూవే వాటర్‌వేగ్‌’ 1872లో తెరుచుకుంది. ప్రవాహమే దాన్ని వెడల్పు చేస్తుందనుకున్నారు. కానీ ఇసుక మేటలు వేసింది. చివరికి పూడిక తీసే ఓడలు, అంటే డ్రెడ్జర్లే ఆ దారిని నిలబెట్టాయి. అమెరికాలో మిసిసిపి ముఖద్వారంలో ఇంజనీరు జేమ్స్‌ ఈడ్స్‌ 1879కి పూర్తిచేసిన గట్లు నిజంగానే ప్రవాహాన్ని ఇరుకుచేసి లోతు పెంచాయి. అది గొప్ప విజయం, సందేహం లేదు. అయినా ఆ నది మొగలో నేటికీ డ్రెడ్జర్లు పనిచేయక తప్పడం లేదు.

ఇప్పటి ఓడ నడుస్తూనే తోడుతుంది. పక్కన వేలాడే లావుపాటి గొట్టం కిందికి దిగి, దాని ఇనుప మూతి అడుగును ఆనుకుంటుంది. రెండు మూడు నాట్ల వేగంతో ఓడ సాగుతుంటే నీటి ధారలు ఇసుకను కదిలిస్తాయి, పంపు దాన్ని అంబలిలా పైకి లాగుతుంది. తొట్టిలో ఇసుక అడుగుకు దిగి, నీళ్లు పొర్లి పోతాయి. నిండాక లోతునీటికి వెళ్లి అడుగు తలుపులు తెరిస్తే నిమిషాల్లో ఖాళీ. ‘క్రిస్టొబాల్‌ కొలోన్‌’ వంటి భారీ ఓడ తొట్టిలో 46,000 ఘనమీటర్లు పడుతుంది.

మన దేశంలో ఈ పనికి కేంద్రం విశాఖపట్నం. 1976లో ఏర్పడిన డ్రెడ్జింగ్‌ కార్పొరేషన్‌ ఆఫ్‌ ఇండియా ప్రధాన కార్యాలయం అక్కడే. దాని ఓడలకు ఏళ్ల తరబడి ప్రధానమైన పనిచోటు మాత్రం హుగ్లీ నది, హల్దియా రేవుకు వెళ్లే దారి. కోల్‌కతా రేవును కాపాడేందుకు గంగ నీటిని హుగ్లీలోకి మళ్లించాలని ఫరక్కా బ్యారేజీ కట్టి 1975లో వాడుకలోకి తెచ్చారు. నీళ్లు పెరిగితే ఒండ్రు కొట్టుకుపోతుందన్న పాత నమ్మకమే మళ్లీ. నీళ్లు వచ్చాయి, డ్రెడ్జర్లు మాత్రం ఆగలేదు. డ్రెడ్జింగ్‌ కార్పొరేషన్‌ కోసం కొచ్చిన్‌ షిప్‌యార్డు 12,000 ఘనమీటర్ల డ్రెడ్జర్‌ నిర్మాణం చేపట్టింది. దానికి పెట్టిన పేరు ‘గోదావరి’.

ఓడ పెద్దదైతే కష్టం తీరుతుందా అన్నది వేరే ప్రశ్న. హుగ్లీలో తోడిన మట్టిని అదే ముఖద్వారంలో వదిలితే కొంత మళ్లీ పోటుతో దారిలోకే వస్తుంది. మిసిసిపి దిగువన తోడిన మట్టిలో కొంతభాగాన్ని కోతకు గురైన చిత్తడి నేలలు నింపడానికి వాడుతున్నారు. అలాగే తీరం కోసుకుపోతున్న సాగర్‌ ద్వీపం హుగ్లీ మొగలోనే ఉంది. మట్టి ఎంత తోడుతున్నారన్న లెక్కతో పాటు, ఎక్కడ పోస్తున్నారన్న లెక్కకూ అక్కడ అంతే విలువ ఇవ్వాలి.