సర్టిఫికెట్ అడగని యూనివర్సిటీ

1969 జనవరి 24న సదాశివపేటలో పోలీసులు కాల్పులు జరిపారు. గాయపడ్డ శంకర్ అనే పదిహేడేళ్ల కుర్రాడు చనిపోయాడు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో మొదటి అమరుడిగా అతని పేరే చెప్తారు. ఆ ఉద్యమ చరిత్ర ఎవరు రాసినా ఈ కాల్పులుంటాయి, 1971 ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి 14 లోక్‌సభ సీట్లలో 10 గెలవడం ఉంటుంది, ఆ తర్వాత ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోవడం ఉంటుంది. బడులు, కాలేజీలు నెలల తరబడి నడవని సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేలిపోతుంది. విద్యార్థులు ఓ విద్యాసంవత్సరం నష్టపోయారని రాసి ముందుకెళ్లిపోతారు. నాకు ఆ వాక్యం దగ్గరే ఆగాలనిపిస్తుంది.

ఏడాది అంటే ఎవరికి ఎంత? ఉస్మానియా హాస్టల్లో ఉన్నవాడికి డిగ్రీ ఒక ఏడాది ఆలస్యమైంది. సదాశివపేట చుట్టుపక్కల ఊళ్లలో, ఇంటిల్లిపాదిలో మొదటిసారి హైస్కూలు గడప తొక్కిన పిల్లవాడి లెక్క వేరు. బడి లేదు కదా అని వాడు బర్రెల వెంట పోతాడు, చెరకు తోటలో నీళ్లు మలుపుతాడు. బడి తెరిచేనాటికి వాడి పనికి ఇల్లు అలవాటు పడి ఉంటుంది. మళ్లీ పంపొద్దని ఎవరూ కూర్చుని నిర్ణయించరు. పంపరు, అంతే. మా పెద్దమామ చదువు అట్లా ఆగిందే.

అలా ఆగినవాళ్లలో చాలామంది తర్వాత పటాన్‌చెరు బస్సెక్కారు. రామచంద్రాపురంలో భెల్ 1960ల్లోనే వచ్చింది. 1972లో ఇక్రిశాట్, ఆ దశాబ్దంలోనే పారిశ్రామికవాడ. 1980లో ఇందిరాగాంధీ మెదక్ ఎంపీ అయ్యాక ఫ్యాక్టరీలు ఇంకా పెరిగాయి. ఈ ప్రాంతం గురించి రాసేవాళ్లు పెట్టుబడుల గురించో నక్కవాగు కాలుష్యం గురించో రాస్తారు. రాయాల్సిందే. కానీ ఆ గేట్ల లోపలికి వెళ్లినవాళ్లు ఏ తరగతి దగ్గర బడి మానేసి వచ్చారో ఎవరూ అడగలేదు.

మామ హెల్పర్‌గా చేరి ఆపరేటర్ దాకా ఎక్కాడు. ఆ పై మెట్టుకి డిగ్రీ కావాలి. డిగ్రీకి ఇంటర్, ఇంటర్‌కి పది. మా భాషలో దీన్ని డిపెండెన్సీ అంటాం. కింద ఒక్కటి లేకపోతే పైన ఏదీ ఇన్‌స్టాల్ కాదు.

ఆ గొలుసుని తెంపింది 1982 ఆగస్టు 26న పుట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దేశంలో మొదటిది. అప్పటి ముఖ్యమంత్రి భవనం వెంకట్రామిరెడ్డి ఆ కుర్చీలో ఉన్నది ఏడు నెలలే, అందుకే కాబోలు మనకి ఆయన పెద్దగా గుర్తులేడు. దూరవిద్య అప్పటికి కొత్తేం కాదు, ఢిల్లీ యూనివర్సిటీ 1962లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. అయితే వాటికీ కింది సర్టిఫికెట్ ఉండాల్సిందే. ఇక్కడ అర్హత పరీక్ష ఒకటి పెట్టారు. అది పాసైతే, ఇంటర్ లేకపోయినా నేరుగా డిగ్రీలో సీటు. నువ్వు ఏ ఏడాది ఎందుకు బడి మానేశావన్న ప్రశ్న లేదు. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ 1971 నుంచి చేస్తున్న పనే ఇది, కాకపోతే ఇక్కడ తెలుగులో. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి అంతకుముందు ఉస్మానియాకి వైస్ ఛాన్సలర్, పంచాయతీరాజ్ మీద పరిశోధన చేసిన రాజనీతి శాస్త్రవేత్త. 1985లో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్ ఛాన్సలర్‌గా ఆయన్నే పిలిచారు. పంచాయతీల మీద పనిచేసిన మనిషి చేతికే ఈ యూనివర్సిటీ రావడం కాకతాళీయం అనుకోను. అధికారాన్ని కిందికి దించాలన్న ఆలోచనే చదువు మీదికి మళ్లిందని నా ఊహ.

మామ ఎనభైల మధ్యలో అర్హత పరీక్ష రాసి బి.ఏ.లో చేరాడు. మూడు షిఫ్టుల బతుకు. ఆదివారం స్టడీ సెంటర్, రేడియోలో పాఠం దొరికితే పాఠం. "నైట్ షిఫ్టు దిగి పండుకుంటే సదువు పోతది, సదివితే నిద్ర పోతది. నిద్రనే పోగొట్టుకున్న," అంటాడు. ఆయనతో చేరిన నలుగురిలో ఇద్దరు మొదటి ఏడాదే వదిలేశారు. మన కథకులకి కార్మికుడు సమ్మెలోనో ప్రమాదంలోనో కనిపిస్తాడు. సీ షిఫ్టు దిగి, టీ తాగి, ఫ్రెంచి విప్లవానికి కారణాలు బట్టీ పడుతున్న కార్మికుడు నేను చదివిన కథల్లో ఇంతవరకూ తగల్లేదు.

డిగ్రీ వచ్చింది. ప్రమోషన్ రాలేదు. రెగ్యులర్ డిగ్రీ అయితే చూసేవాళ్లమని ఫ్యాక్టరీలో అన్నారట. ఇప్పటికీ మా ఆఫీసు క్యాంటీన్లో 'ఓపెన్ డిగ్రీ' అంటే ఒక నవ్వుంటుంది. ఆ నవ్వు నాకు నచ్చదు. పద్దెనిమిదేళ్లకి నాన్న ఫీజు కడితే కాలేజీకి వెళ్లిన మాకంటే, ముప్ఫై దాటాక పిల్లలు నిద్రపోయాక పుస్తకం తెరిచినవాడి డిగ్రీ ఏ లెక్కన తక్కువ? ప్రభుత్వం తలుపు తెరిచింది సరే, లోపలికొచ్చి చదివి బయటికెళ్లినవాళ్లని యజమానులు గుర్తించేలా ఎవరు చూడాలి? యూనివర్సిటీ ఒక్కటే చేయగలిగిన పని కాదది.

మామ ఇంట్లో ఆ పాఠ్యపుస్తకాలు ఇంకా ఉన్నాయి. అట్టలూడిపోయిన ఆ చరిత్ర పుస్తకాలే సెలవుల్లో నా కాలక్షేపం. 1991లో యూనివర్సిటీకి అంబేద్కర్ పేరు పెట్టారు. మామది అంతకు రెండేళ్ల ముందు పట్టా, దాని మీద పాత పేరే ఉంది. జై తెలంగాణ అంటూ ఊరేగింపులో నడిచి చదువు పోగొట్టుకున్న మనిషి, ఆంధ్రప్రదేశ్ అని అచ్చేసిన పట్టాని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాడు. 2014లో రాష్ట్రం వచ్చాక, తీసేస్తావా అని మా బావ ఆటపట్టించాడు. "దాని మీద నా పేరు గూడ ఉన్నది గదరా," అన్నాడు మామ.