క్లిక్కు వెల: శోధన ప్రకటనల వేలంలో విక్రేత లాభనష్టాలు (1998-2002)

పత్రికా ప్రకటనలో వర్తకుడు స్థలానికి మూల్యం చెల్లిస్తాడు. తొలినాటి ఇంటర్నెట్ ప్రకటనలకు వేయి ప్రదర్శనలకు ఇంత అని వెల కట్టేవారు. రెండింటిలోనూ ఎవరూ స్పందించకపోతే నష్టం ప్రకటనకర్తదే.

1998లో అమెరికాలో బిల్ గ్రాస్ నెలకొల్పిన గోటూ.కామ్ ఈ రీతిని మార్చింది. శోధన పదాలను వేలానికి పెట్టి, క్లిక్ చేసినప్పుడే రుసుము వసూలు చేసింది. పైస్థానం ఎక్కువ పాడినవారిది. అయితే పాడినంతా చెల్లించవలసి రావడంతో, ప్రత్యర్థి కంటే ఒక్క సెంటు మాత్రమే ఎక్కువుండేలా పాటను తరచూ సవరించుకోవలసి వచ్చేది.

గూగుల్ 2000లో ప్రారంభించిన యాడ్‌వర్డ్స్ తొలుత ప్రదర్శనల లెక్కనే అనుసరించింది. 2002 ఫిబ్రవరిలో క్లిక్కుల వేలానికి మారినప్పుడు, పాట మొత్తాన్ని క్లిక్కుల శాతంతో గుణించి స్థానం నిర్ణయించింది; ఆ స్థానానికి అవసరమైన కనీస మొత్తమే తీసుకుంది. దీనితో 1 శాతం క్లిక్కులు పొందే డాలరు పాట కంటే 3 శాతం పొందే 40 సెంట్ల పాట పైకి వచ్చింది.

అయినా క్లిక్కు అమ్మకం కాదు. 50 సెంట్ల చొప్పున వంద క్లిక్కులకు 50 డాలర్లు వ్యయమై, ఇద్దరే కొంటే ఒక్కో అమ్మకానికి ప్రకటన ఖర్చు 25 డాలర్లు. సరుకుపై మిగులు అంతకు తగ్గితే నష్టమే. 1996లో అమెజాన్ ప్రారంభించిన అనుబంధ విక్రయ పథకం వంటి వాటిలో కమీషనే ఆదాయమైనవారికి ఈ హద్దు మరింత ఇరుకు.

కాబట్టి 2002 మార్పు చిన్న విక్రేతకు వేలంలో చోటు కల్పించిందే గాని, లాభానికి హామీ ఇవ్వలేదు. ఆ లాభాన్ని నిర్ణయించేది కొనదలచినవారు వాడే పదాన్ని ఎంచుకోవడం, ఒక్కో అమ్మకపు ఖర్చును లెక్కించడం.