నేల టిక్కెట్టు

ఆంధ్రనాటకమునకు తీర్పరులెవరు? 1880లో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున నాటకమాడించిరి. 1885లో కడపమండలమున సురభివారు వెలసిరి. పిమ్మట పద్యనాటకము ఊరూర వ్యాపించెను. కుర్చీకి రూకలు చాలని కొల్లేటి లంకల రైతు నేల టిక్కెట్టు కొనెను. ద్వారకాతిరుమల వైశాఖ, ఆశ్వయుజ కల్యాణోత్సవములవంటి తిరునాళ్లలో నదియు నక్కఱలేదు. అతని యభిప్రాయ మంతయు నొక్క కేకలో నుండెను: ‘వన్స్ మోర్!’

దానితో కథ చెడునని పండితులు విసిగిరి, న్యాయమే. మడిసిన పాత్ర లేచి మరల పాడిన నవ్వు రాదా? కాని నచ్చని పద్యమున కా కేక వినబడదు. తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగవిజయముల’ పద్యములను, అక్షరమెఱుగని బండివాడు తిరుగుత్రోవలో రాగమెత్తి చదువుకొనుచు ఎద్దులను తోలుకొనిపోయెను.